తప్పనిసరి ఖర్చు

మేస్త్రీ ప్రిమో మల్బరీ చెట్టు దగ్గర వంగి పిల్లల తాళ్లు విప్పుతుంటే దిర్చే చూసింది. చూసి, తల దించుకుని కలుపు పీకింది.

అది జూన్ నెల. మోకాలి లోతు నీళ్లు, నీళ్లలో జలగలు. ముప్పై నలుగురు ఆడవాళ్లు ఒకే వరసగా వంగి రొంకాల్ది దొర వరిమళ్లలో కలుపు తీస్తున్నారు. తెల్లారేసరికి మడిలో దిగాల్సినవాళ్లు పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? ఇంట్లో ముసలివాళ్లున్న అదృష్టవంతులు వాళ్లకి అప్పజెప్పి వస్తారు. లేనివాళ్లు కాలవగట్టు మీది మల్బరీ చెట్టుకి కట్టేసి వస్తారు. తాడు ఎంత పొడవుండాలో వాల్మొరా ఊళ్లో ప్రతి తల్లికీ తెలుసు. నీడ ఎటు జరిగితే బిడ్డ అటు జరగగలగాలి. నీటి అంచుకి రెండడుగుల ఇవతలే తాడు బిగిసిపోవాలి.

ఆ రోజు దొరగారింటికి పట్నం నుంచి అతిథులొచ్చారు. పొలం చూస్తామన్నారు. రెండు కార్లు గట్టు మీద దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. చెట్టుకి కట్టేసిన పిల్లలు కనబడితే పట్నం అమ్మగార్ల మనసు కష్టపడుతుందని, దొర మర్యాద పోతుందని మేస్త్రీకి భయమేసింది. నలుగురు పిల్లల తాళ్లూ విప్పేసి, "పొండి, పంపుకొట్టం వెనక్కి పొండి" అని కోళ్లని తోలినట్టు తోలాడు.

వరసలో గట్టు పక్కన చివరి మనిషి దిర్చే. మిగతావాళ్లకి కనపడనిది ఆమెకు కనపడింది. అరవాల్సింది. కానీ మేస్త్రీ మీద నోరెత్తిన మనిషిని కిందటి వారమే మడిలోంచి లేపి ఇంటికి పంపేశారు. పైగా తన కూతురు వాండా ఆవేళ అక్కడ లేదు. జ్వరమొచ్చిందని పక్కింటి ముసలమ్మ జాలిపడి ఆ ఒక్కరోజూ అట్టేపెట్టుకుంది. వాండా ఉండుంటే దిర్చే అరిచేదే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే తర్వాత ఎనిమిది నెలలపాటు ఆమెకు తిండి సయించలేదు.

ముగ్గురు పిల్లలు ఏడ్చుకుంటూ తల్లుల కోసం మడిలోకి వచ్చేశారు. నాలుగోవాడు రాలేదు. వాడు ఆర్జియా కొడుకు ఎల్వియో, రెండున్నరేళ్లవాడు. తూము దగ్గర ఇనప కమ్ములకి అడ్డంపడి దొరికాడు. వరసలో దిర్చేకి పక్కమనిషే ఆర్జియా. బిడ్డని నీళ్లలోంచి ఎత్తుకున్నప్పుడు కూడా ఆమె ఎడమచేతిలో కలుపుకట్ట అలాగే ఉంది. కార్లు అప్పటికే వెనక్కి మళ్లిపోయాయి.

ఠాణా జమాదారు సైకిలు మీద వచ్చాడు. మేస్త్రీని అడిగాడు, ఆడవాళ్లని అడగలేదు. తాను ముగ్గురివే విప్పానని, నాలుగో తాడు అప్పటికే ఊడిపోయి ఉందని మేస్త్రీ చెప్పాడు. తల్లి ముడి సరిగా వెయ్యలేదు కాబట్టి బిడ్డ పోయాడని కాగితం మీద రాసుకుని వెళ్లాడు.

ఆర్జియా దాన్ని నమ్మింది. అదీ ఘోరం. కోతలయ్యాయి, నూర్పిళ్లయ్యాయి, పొగమంచు దిగింది. ఆమె మాత్రం గుమ్మంలో కూచుని ఆ తాడుతో తన మోకాలికి ముడేసేది, లాగి చూసేది, విప్పేది, మళ్లీ వేసేది. "చూడవే దిర్చే, ఇట్టాగే వేశాను గదా? ఇది ఊడుతుందంటావా?" అని అడిగేది. దిర్చే "పోనీలే అక్కా, మర్చిపో" అనేది. ఆ మాట అన్న ప్రతిసారీ తన నోరు తనకే కంపు కొట్టేది.

*

ఊరి మేయరు లెయార్కో సైకిళ్లు బాగుచేసేవాడు. యుద్ధంలో జర్మన్లతో కొండల్లో కొట్లాడి వచ్చాడు. గోళ్లలో నూనె నలుపు సభలో కూచున్నప్పుడు కూడా పోయేది కాదు. ఎల్వియో పోయాక పురసభ కూచుని ఒక తీర్మానం చేసింది. ఊరి సొంత స్థలంలో పిల్లల ఇల్లు కట్టాలి. రెండేళ్ల నుంచి ఆరేళ్లదాకా ఎవరి పిల్లలైనా పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఉండాలి. ఇద్దరు పంతులమ్మలు, ఒక పొయ్యి, మధ్యాహ్నం వేడి సూపు. దానికి డబ్బు ఊరి కుటుంబ పన్నులోంచి. ఉన్నవాడి మీద ఎక్కువ, లేనివాడి మీద తక్కువ, ఏమీ లేనివాడి మీద సున్నా.

ఆ ఊళ్లో పన్ను జాబితాని పురసభ తలుపుకి అంటించడం రివాజు. ఎవడు తన బతుకు గురించి ఏం రాయించుకున్నాడో ఊరంతా చదువుతుంది. ఆదివారం ప్రార్థన కాగానే ఊరంతా తలుపు ముందు మూగింది. రొంకాల్ది దొర తన ఇంట్లో ముగ్గురం తింటామనీ, పనివాళ్లు ఇద్దరేననీ రాయించుకున్నాడు. స్టేషను మాస్టారికంటే తనది చిన్న సంసారమన్నమాట.

దొర ఇంట్లో వంటచేసే నెర్వీనా గుంపులో ఉంది. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. "ఇద్దరా? ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నా ఒక్కదాని చేతికిందే నలుగురం గదరా వంటింట్లో! గుర్రాలకి తోముడుగాడు వేరే, కుక్కలకి వేరే! ఆ కుక్కలకి నేను పెట్టే మాంసం మీరు పండక్కైనా తిన్నారంట్రా?"

జనం పగలబడి నవ్వారు. పురసభ దొరని జాబితాలో అట్టడుగు నుంచి ఎత్తి అందరికంటే పైన కూచోబెట్టింది. మర్నాడు పొద్దున నెర్వీనాని దొర పనిలోంచి తీసేశాడు.

అందరూ సంతోషించారనుకోవద్దు. తాపీ మేస్త్రీ ఒలిందో ముసలాయన పెళ్లాం పోయినవాడు, పిల్లల్లేరు. పేరు పక్కన చిన్న మొత్తం పడేసరికి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఎవరో కన్న పిల్లలకి నేనెందుకు కట్టాల్రా లెయార్కో? నా ఇంట్లో తొట్టెలుందా, గిలక్కాయుందా?"

"ఊరు నీది కాదా బాబాయ్?"

"ఊరు నాదే. ఊళ్లో ముడ్డికడుక్కోలేని ప్రతివాడూ నావాడా?"

బిడ్డ పోయాక ఆర్జియా నలుగురి మధ్య నోరు తెరవలేదు. ఆవేళ తెరిచింది. "నీ కళ్లు కనపడని నాడు నిన్ను చెయ్యిపట్టి నడిపించేదెవడు బాబాయ్? గట్టు మీద చావకుండా మిగిలినోడే గదా? నావాడు మిగల్లేదు. మిగిలినోళ్లనన్నా చూడు."

ముసలాయన టోపీ తీసి చేతిలో నలిపాడు.

*

ఫిబ్రవరిలో జిల్లా అధికారి దగ్గర్నుంచి పురసభ బడ్జెట్టు తిరిగొచ్చింది. పిల్లల ఇంటి పద్దు మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత. దొర మీద వేసిన పన్ను మీద ఇంకో గీత. ఆదివారం మధ్యాహ్నం పురసభ హాల్లో జనం కిటికీలెక్కి కూచున్నారు. మడిపని లేని కాలం. ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు, చంకల్లో పిల్లలతో.

లెయార్కో కాగితం చదివాడు. "ఖర్చులు రెండు రకాలంట. తప్పనిసరి ఖర్చులు, ఇష్టముంటే చేసే ఖర్చులు. బడ్జెట్టులో లోటున్న ఊరు ఇష్టపు ఖర్చులు చెయ్యగూడదంట. పిల్లల ఇల్లు ఇష్టపు ఖర్చంట."

"తప్పనిసరివేంటో చదవరా!" అని కిటికీ మీంచి ఎవరో అరిచారు.

"పశువుల డాక్టరు జీతం తప్పనిసరి. ఠాణా కట్టడానికి అద్దె తప్పనిసరి. శ్మశానం తప్పనిసరి."

ఆర్జియా లేచింది. తాడు ఆమె చేతిలోనే ఉంది. "నా కొడుకుని పూడ్చడానికి చోటు తప్పనిసరా? బతికున్నప్పుడు వాడు కూచోడానికి చోటు వాళ్లకి ఇష్టమైతేనా?"

అప్పుడు రేగింది గొడవ. బల్లలు గుద్దారు. దొర కొట్టం తగలబెడదామని కుర్రాళ్లు లేచారు. తగలబెడితే వాడికి బీమా వస్తుంది, మనకి జైలొస్తుందని ముసలివాళ్లు కసిరారు. "అర్జీ పెడదాం" అని బడిపంతులు అన్నాడు. "పెట్టు, నీ అర్జీకి ఎర్ర పెన్సిలు కాచుకునుంది" అని నెర్వీనా అంది.

ఆ గోలలో జమాదారు తలుపు దగ్గర నిలబడి నింపాదిగా అన్నాడు. "మీ తల్లులు ముడి సరిగ్గా వేసుకుంటే ఇంత రభస లేదు గదమ్మా."

దిర్చే కాళ్లు తమంతట తామే లేచాయి.

"ముడి ఊడలేదు" అంది. ఎవరికీ వినపడలేదు. బల్ల ఎక్కింది. "ముడి ఊడలేదు! ప్రిమో విప్పాడు. కార్లొస్తున్నాయని నలుగురి తాళ్లూ విప్పాడు. నేను చూశాను. నా కళ్లతో చూసి తల దించుకున్నాను. ఎనిమిది నెలలు ఈ మనిషి మోకాలికి ముళ్లేసుకుంటుంటే చూస్తూ కూచున్నాను."

ఆర్జియా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బల్ల మీంచి కిందికి లాగి చెంప మీద కొట్టింది. ఆ దెబ్బకి దిర్చే పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఇంకోటి కొట్టింది. మూడోదానికి చెయ్యెత్తి ఆగింది. ఎవరూ అడ్డం పోలేదు. దిర్చే కూడా మొహం తిప్పుకోలేదు.

"ఇప్పుడా చెప్పేది, ముండా" అంది ఆర్జియా. ఎత్తిన చెయ్యి కిందికి దించి ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె ఏడవడం ఊరు చూడటం అదే మొదటిసారి. జమాదారు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

చివరికి లెయార్కో అన్నాడు. "డబ్బు ఖర్చు పెట్టొద్దన్నారు. కట్టొద్దని అనలేదుగా. స్థలం మనది. బాంబులకి కూలిన స్టేషను గిడ్డంగి ఇటుకలు ఆ పక్కనే పడున్నాయి. చేతులు ఖాళీగా ఉన్నాయి. తిరగేసిన సమ్మె చేద్దాం."

ఆ మైదానపు ఊళ్లకి అది కొత్త కాదు. పనున్నవాడు పని మానేస్తే సమ్మె. పనిలేనివాడు, సర్కారు వద్దన్న పనిని పట్టుబట్టి కూలి లేకుండా చేస్తే తిరగేసిన సమ్మె. దాన్ని చూస్తే సర్కారుకి మామూలు సమ్మెకంటే ఎక్కువ మంట.

"తాపీ ఎవరు పడతారు?" అని అడిగారు.

ఒలిందో టోపీ పెట్టుకున్నాడు. "ఇంకెవడున్నాడు? నన్ను మించిన గాడిద ఈ ఊళ్లో లేదుగా."

*

మర్నాడు మంచు విడకముందే గిడ్డంగి నుంచి స్థలందాకా ఆడవాళ్లు వరస కట్టారు. పాత సున్నం గీకి ఇటుకని ఈ చేతి నుంచి ఆ చేతికి అందిస్తున్నారు. ఆర్జియా వచ్చి వరసంతా చూసింది. దిర్చే దూరంగా, తలొంచుకుని నిలబడి ఉంది.

"అక్కడేం చేస్తున్నావే? నీ చోటు నా పక్కన గదా" అంది ఆర్జియా. దిర్చే వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఇటుకలు చేతులు మారాయి.

మడిలో వాళ్లకొక పద్ధతుంది. వరసలో ఎవరైనా వెనకబడితే చెరోపక్క ఉన్నవాళ్లు ఆమె సాలులో చెరిసగం లాక్కుంటారు. ఎవరికీ చెప్పరు, తల ఎత్తరు. వరసలో ఖాళీ మాత్రం కనపడనివ్వరు, కనపడితే మేస్త్రీ పేరు రాసుకుంటాడు. ఇటుకల వరసకీ అదే పద్ధతి వచ్చింది. ఒకరు బిడ్డకి పాలివ్వడానికి వెళ్తే వరస దానంతటదే దగ్గరకు జరిగేది.

ఒలిందోకి గోడ తిన్నగా రావడానికి నూలుతాడు కావాలి. తన పాతతాడు రెండు చోట్ల తెగిపోయింది. "తాడు లేని తాపీవాడు పళ్లు లేని కుక్క" అని గొణుగుతుంటే ఆర్జియా తన నడుముగుడ్డలోంచి తాడు తీసిచ్చింది. అది చాల్లేదు. దిర్చే వాండా తాడు తెచ్చింది. మిగతా తల్లులూ తెచ్చారు. ముడి మీద ముడి వేసి మేకు నుంచి మేకుకి బిగించారు. ముసలాయన మీటి చూసి, "ఊడదు" అన్నాడు, ఆర్జియా మొహంలోకి చూడకుండా.

గీసిన గీతల మధ్య, రేపు గది కాబోయే నేల మీద చెక్కలు పరిచి నెర్వీనా పిల్లల్ని కూచోబెట్టింది. ఇరవైమందికి ఒక కుండెడు సూపు. "లేస్తే కాళ్లిరగ్గొడతాను" అని అరుస్తూనే ఒక్కొక్కడి నోట్లో రొట్టెముక్క పెట్టింది. వాండా ఆమె కాలు పట్టుకుని కూచుంది. మూడోనాటికి గోడ నడుమెత్తు లేచింది.

నాలుగోనాడు జీపులొచ్చాయి.

ఆరు జీపులు, పట్నం పోలీసులు, ఇనప టోపీలు. వెనక దొర కారు, కారులో మేస్త్రీ ప్రిమో. అధికారి దిగి, అనుమతి లేని పని ఆపి చెదిరిపోండన్నాడు. లెయార్కో ఊరి మేయరు హోదాలో భుజానికి మూడు రంగుల పట్టీ వేసుకుని ఎదురెళ్లాడు. "ఇది ఊరి స్థలం. వీళ్లు దొంగతనం చెయ్యట్లేదు, గోడ కడుతున్నారు."

"అదే నేరం" అన్నాడు అధికారి.

హెచ్చరికగా మొదటిసారి బూర ఊదారు. వరస కదల్లేదు. రెండోసారి ఊదారు. "పిల్లలున్నారయ్యా లోపల!" అని నెర్వీనా అరిచింది. మూడో బూర మోత ఆగకముందే లెయార్కో నెత్తి మీద తుపాకి మడమ పడింది. పట్టీతో సహా బురదలో పడ్డాడు.

జీపులు వరస మీదికి తోలారు. లాఠీలు లేచాయి. దిర్చే ఎదురుగా ఒక పిల్ల పోలీసు, మీసం కూడా సరిగా రానివాడు, ఏడుస్తూ కొడుతున్నాడు. ఏడుస్తున్నాడు, కొడుతున్నాడు. అతని లాఠీకి దిర్చే ఎడమ మణికట్టు విరిగింది. ఆమె కుడిచేత్తో ఇటుక అందించింది. పక్కన ఒకామె పడింది. వరస దగ్గరకు జరిగింది. ఇంకొకామె పడింది. మళ్లీ జరిగింది. ఒలిందో గోడెక్కి తాపీ ఊపుతూ, "పసిగుడ్ల మీదికి జీపులు తోలతార్రా, మీ అమ్మలు మిమ్మల్ని కన్నారా, పడేసుకున్నారా!" అని తిడుతుంటే కాళ్లు పట్టి కిందికి ఈడ్చి డొక్కలో బూట్లతో తన్నారు. అతని నోట్లోంచి నెత్తురొచ్చింది.

ఒక జీపు గోడ వైపు తిరిగింది. ఆ గోడ అవతలే పిల్లలు. సున్నం ఇంకా ఆరలేదు, తగిలితే వాళ్ల మీదే కూలుతుంది. ఆడవాళ్లు వరస విప్పలేదు, వరసనే తిప్పారు. గోడకి వీపులానించి, చేతుల్లో ఇటుకలతో నిలబడ్డారు. ఆర్జియా అందరికంటే ముందుకొచ్చి జీపు అద్దం మీద ఇటుక విసిరింది. అద్దం భళ్లుమంది. జీపు పక్కకి ఒరిగి కందకంలో ఆగింది.

తుపాకి ఎవరు పేల్చారో తర్వాత కోర్టులో ఎవరూ ఒప్పుకోలేదు. మూడుసార్లు పేలింది. ఆర్జియా గొంతు కింద పట్టుకుని మోకాళ్ల మీద కూలింది. దిర్చే ఆమెని ఒళ్లోకి లాక్కుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు వేడిగా తన్నుకొస్తోంది, ఎంత నొక్కినా ఆగట్లేదు.

"పిల్లలు?" అంది ఆర్జియా.

"ఉన్నారక్కా. అందరూ ఉన్నారు. గోడ పడలేదు."

"నా సాలు..." అంది. అంతే, ఇంక మాట రాలేదు.

దిర్చే ఆమె తలని మెల్లగా నేల మీద పెట్టింది. లేచింది. ఇటు పక్క దిర్చే, అటు పక్క ఇంకొకామె చెరో అడుగు జరిగారు. ఆర్జియా నిలబడ్డ చోటు మూసుకుంది. ఎవరో గిడ్డంగి వైపు నుంచి ఇటుక అందించారు. నెత్తురు చేత్తోనే దిర్చే దాన్ని అందుకుని అవతలికి ఇచ్చింది. పిల్ల పోలీసు లాఠీ కింద పడేసి వాంతి చేసుకున్నాడు. అధికారి చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఆపేసరికి పన్నెండుమంది నేల మీదున్నారు.

*

మధ్యాహ్నందాకా అరెస్టులు జరిగాయి. జమాదారు లారీ దగ్గర బల్లేసుకుని పేర్లు రాస్తున్నాడు. దిర్చే వంతొచ్చింది.

"పేరు?"

"దిర్చే బొనాత్సి. నా పేరు తర్వాత రాద్దువుగాని. ముందు ఇంకోటి రాయి."

"ఏంటి?"

"ఎల్వియో తాడు ముడి సరిగ్గానే ఉంది. మేస్త్రీ ప్రిమో విప్పాడు. దొర అతిథుల కోసం విప్పాడు. దిర్చే చూసింది. రాయి."

"ఇది ఆ కేసు కాదమ్మా."

"ఇదే ఆ కేసు" అంది దిర్చే. ఆమె వెనక వరసలో ఇరవై ఏడుగురున్నారు, తలలు పగిలి, చేతులు విరిగి. "ఆమె చెప్పింది రాసేదాకా మా పేర్లు చెప్పం" అని వెనకామె అంది. ఆ వెనకామె కూడా అంది. అధికారి విసుగ్గా వాచీ చూసుకుని, "రాసి తగలెయ్యవయ్యా" అన్నాడు. జమాదారు రాశాడు. దిర్చే చదివించుకుని విని, అప్పుడు లారీ ఎక్కింది.

నెర్వీనా వాండాని ఎత్తుకుని లారీ పక్కన నిలబడింది. పిల్ల ఏడవట్లేదు, తల్లి చెయ్యి వంక చూస్తోంది. "దీన్ని నేను చూసుకుంటానే, నువ్వు పో" అంది నెర్వీనా. "ఇరవైమందిలో ఇదొకటి. ఏం, ఆ కుక్కలకి వండినదాన్ని వీళ్లకి వండలేనా?"

లారీ గోడ పక్కనుంచి కదిలింది. పోలీసులు గోడని బూట్లతో తన్ని ఒక మూల పడగొట్టారు. మేకుల మధ్య తాడు మాత్రం అలాగే బిగిసి ఉంది.

జైలుకి పోయే దారి కాలవగట్టు మీదే. మల్బరీ చెట్టు దాటాక లారీ ఆగిపోయింది. డ్రైవరు హారను కొట్టాడు, తిట్టాడు. దిర్చే లారీకి కప్పిన గుడ్డ పైకెత్తి చూసింది. దారి నిండా సైకిళ్లు. నది అవతలి ఊళ్ల కలుపు మనుషులు, జనపనార మిల్లు ఆడవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. ఎంతమందో లెక్కకి అందలేదు, మంచులో తోక కనపడలేదు. ఏ పాటా లేదు, కేకా లేదు. లారీని చూసి దిగారు, గట్టు చివరికి ఒత్తిగిలి దారిచ్చారు, దాటగానే మళ్లీ ఎక్కి వాల్మొరా వైపు తొక్కారు.

ప్రతి సైకిలు వెనకా రెండేసి ఇటుకలున్నాయి. వాటిని పిల్లల్ని కట్టే తాళ్లతోనే కట్టారు.